మాలీసు నుంచి అనుమాన ప్రయోజనం దాకా: ఇంగ్లీషు జాతీయాల్లో మెప్పు, మేలు, పైచేయి

పోటీ పరీక్షల గైడ్లలో ఇంగ్లీషు జాతీయాల పట్టిక తప్పనిసరిగా ఉంటుంది. ఎడమవైపు ‘కర్రీ ఫేవర్’, కుడివైపు ‘మెప్పు పొందుట’. ఎడమవైపు ‘అప్పర్ హ్యాండ్’, కుడివైపు ‘పైచేయి’. బ్యాంకు పరీక్షకో గ్రూప్స్‌కో చదివే అభ్యర్థి ఆ వరసంతా బట్టీ పట్టి, పరీక్ష హాల్లో సరైన గుండ్రానికి నలుపు పూసి బయటపడతాడు. మార్కు వస్తుంది. అయితే ఆ మాట ఎక్కడ వాడితే మెచ్చుకోలు అవుతుందో, ఎక్కడ వాడితే ఎత్తిపొడుపు అవుతుందో పట్టిక చెప్పదు. ఒకరి దయ పొందడం, ఒకరికంటే మెరుగైన స్థితిలో ఉండడం అనే రెండు విషయాల చుట్టూ ఇంగ్లీషులో పుట్టిన జాతీయాల్లో అర్థం తెలిస్తే సగం పనే అయినట్టు. మిగతా సగం వాటి రుచి. అది చాలావరకు ఆ మాట పుట్టిన చోటును బట్టి ఉంటుంది. గుర్రపుశాలలో పుట్టిన మాట వేరు, ఓడ మీద పుట్టింది వేరు, పేకాట బల్ల దగ్గరో కోర్టు బోనులోనో పుట్టింది వేరు.

‘కర్రీ ఫేవర్’నే తీసుకుంటే, కర్రీ పాయింటులో పొట్లం కట్టి ఇచ్చే కూరకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. కూర అనే అర్థమున్న కర్రీ తమిళుల ‘కరి’ నుంచి వెళ్ళింది. ఇక్కడి కర్రీ పాత ఫ్రెంచి నుంచి వచ్చిన క్రియ. గుర్రం ఒంటిని ఇనుప పళ్ళ దువ్వెనతో తోమి, పట్టిన మట్టినీ ఊడిన వెంట్రుకలనూ రాల్చి, నిగనిగలాడేలా చేయడం దాని అర్థం. గుర్రానికి మాలీసు చేయడం అని మనవాళ్ళు అనే పని దాదాపు ఇదే. ఇక రెండో మాట మొదట్లో ఫేవర్ కానే కాదు. అది ఒక గుర్రం పేరు.

14వ శతాబ్దం తొలినాళ్ళలో ఫ్రాన్సు రాజాస్థానపు గుమాస్తా జెర్వే దు బుస్ రాసినట్టు చెప్పే వ్యంగ్య కావ్యం ఒకటి ఉంది. మొదటి భాగం 1310 నాటిది, రెండో భాగం 1314 నాటిది. అందులో నాయకుడు ఫోవెల్ అనే లేత గోధుమరంగు గుర్రం. గుర్రపుశాల తన హోదాకు చాలదని ఫోవెల్ యజమాని భవనంలోకే మకాం మారుస్తుంది. కేథలిక్ చర్చి అధిపతి పోపు మొదలు రాజులు, ప్రభువులు, మఠాధిపతుల దాకా అందరూ వచ్చి దాని ఒళ్ళు తోమడానికి పోటీ పడతారు. పేరులోని ఒక్కో అక్షరానికి ఒక్కో దుర్గుణం: ముఖస్తుతి, లోభం, నీచత్వం, చంచలత్వం, అసూయ, పిరికితనం. ఫోవెల్‌ను తోమడం అనే ఆ మాట ఇంగ్లీషులోకి వచ్చాక, గుర్రం ఎవరో తెలియని జనం నోట పేరు మారి, 16వ శతాబ్దానికి ‘ఫేవర్’గా స్థిరపడింది. గుర్రం పోయింది, తోమడం మిగిలింది.

అందువల్లే ఈ జాతీయం మెచ్చుకోలుగా పనికిరాదు. ‘పై అధికారుల మెప్పు పొందాలని నా కోరిక’ అని ఉద్యోగ దరఖాస్తులో రాయదలచినవారు పట్టికను నమ్మి ‘కర్రీ ఫేవర్’ వాడితే, తమను తాము భజనపరులుగా పరిచయం చేసుకున్నట్టే. ‘కాకా పట్టడం’ అనే మాటను ఎవరైనా తమ అర్హతల జాబితాలో చేర్చుకుంటారా?

ఇదే గోత్రంలో మరికొన్ని ఉన్నాయి. వెన్న రాయడం అనే అర్థంలో ‘బటర్ అప్’, అమెరికా బడిపిల్లలు మాస్టారి బల్లమీద నిగనిగలాడే పండు పెట్టే అలవాటును గుర్తుచేసే ‘యాపిల్ పాలిషింగ్’, అధికారికి ముద్దుబిడ్డ అనే ఎత్తిపొడుపుగా ‘బ్లూ ఐడ్ బాయ్’. మన ‘మునగచెట్టు ఎక్కించడం’ వీటి పక్కన చక్కగా ఇముడుతుంది. వీటన్నిటిలో నింద ఎవరి మీద పడుతోందో గమనించాలి. పొగిడినవాడు దోషి, పొగిడించుకున్నవాడికి మచ్చ అంటదు. ఫోవెల్ కావ్యంలో అసలు దుర్మార్గి గుర్రమే. జాతీయంలో మాత్రం దువ్వెన పట్టుకున్నవాడే దొరికిపోయాడు. దయ చూపేవాడు పైవాడు గనుక భాష కూడా అతన్ని వదిలేసిందనుకోవాలి.

ఇచ్చేవాడి మీదే వేలు చూపే మాట ఒకటుంది, అది ‘నెపోటిజం’. ఇటలీ భాషలో ‘నిపోతె’ అంటే మేనల్లుడు, అన్నదమ్ముల కొడుకు కూడా. పెళ్ళిళ్ళు లేని పోపులు తమ తోబుట్టువుల కొడుకులను కార్డినళ్ళుగా, అంటే చర్చిలో తమ తరువాతి పెద్దలుగా నియమించి, భూములూ జీతాలూ కట్టబెట్టేవారు. వారిలో కొందరు మేనల్లుళ్ళ పేరుతో చలామణి అయిన సొంత కొడుకులేనని అప్పట్లోనే చెవులు కొరుక్కునేవారు. 1692లో పోపు ఇన్నొసెంట్ XII ఆ పద్ధతికి అడ్డుకట్ట వేస్తూ శాసనం జారీ చేశారు. మాట మాత్రం ఆగలేదు, చర్చి దాటి రాజకీయాల్లోకీ సినిమాల్లోకీ వచ్చింది. దీనికి మన పత్రికలు వాడే ‘బంధుప్రీతి’లో ప్రీతి అనే మాట ఉండడంతో ఆరోపణ కాస్త మెత్తబడుతుంది. ‘ఆశ్రిత పక్షపాతం’లో ఆ మెతకదనం లేదు.

తెర వెనుక పలుకుబడి ఉపయోగించడాన్ని ఇంగ్లీషువారు ‘పుల్ స్ట్రింగ్స్’ అంటారు. కీలుబొమ్మలాటలో దారాలు ప్రేక్షకుడికి కనబడకూడదు, కనబడితే ఆట చెడుతుంది. కాబట్టి ఈ మాటలో గుట్టు ఉంది, కొంత సిగ్గు కూడా ఉంది. మన రాజకీయ వార్తల్లో ‘చక్రం తిప్పారు’ అనే మాటలో ఆ సిగ్గు లేదు. ఢిల్లీలో చక్రం తిప్పిన నాయకుడంటే అభిమానులు ఫ్లెక్సీ కడతారు. రెండింటినీ ఒకదానికొకటి సమానార్థకంగా వాడే అనువాదకులు ఈ తేడాను గాలికి వదిలేస్తున్నారు.

ఒకరికొకరు మేలు చేసుకోవడం గురించిన మాటలకు పరువు నిలవడం కష్టం. ‘లాగ్ రోలింగ్’ అనే అమెరికన్ మాట ఇందుకు మంచి ఉదాహరణ. అడవి కొట్టి పొలం చేసుకునే వలసదారులకు పెద్ద పెద్ద దుంగలను ఒక్కరే కదపడం సాధ్యమయ్యేది కాదు. ఇరుగుపొరుగు వచ్చి దొర్లించి పెట్టేవారు. మరునాడు వాళ్ళ పొలానికి వీళ్ళు వెళ్ళేవారు. మన పల్లెల్లో బదులు పనులకు వెళ్ళడం లాంటి నికార్సయిన సహకారం అది. 19వ శతాబ్దంలో చట్టసభల్లోకి వెళ్ళేసరికి ‘నా బిల్లుకు నువ్వు ఓటెయ్యి, నీ బిల్లుకు నేను వేస్తాను’ అనే బేరానికి పేరైపోయింది. ‘క్విడ్ ప్రో కో’ది ఇంకో దారి. ఒకప్పుడు ఐరోపాలో మందుల దుకాణదారు అడిగిన మందు లేక దాని బదులు మరొకటి ఇస్తే, తెలిసి ఇచ్చినా పొరబాటున ఇచ్చినా, ఆ మార్పిడిని ఈ లాటిన్ మాటతో చెప్పేవారు. ఇప్పుడది అవినీతి కేసుల పరిభాష. తెలుగు పత్రికలు ‘నీకిది, నాకది’ అని చక్కగా చెప్పగలిగినా, ఛార్జిషీటు వార్తల్లో ‘క్విడ్ ప్రో కో’ అని యథాతథంగానే రాస్తున్నాయి. ఎన్నికల బాండ్ల పథకాన్ని 2024 ఫిబ్రవరి 15న కొట్టివేసిన సుప్రీంకోర్టు తీర్పులోనూ ఈ మాట కీలకంగా నిలిచింది.

ఫేవర్ అంటే ఎప్పుడూ దయ అనీ కాదు. మధ్యయుగపు ఐరోపాలో గుర్రాలపై వీరులు పోటీపడే పందేల్లో, తనకు నచ్చిన వీరుడికి రాచకన్య రిబ్బనో తొడుగో ఇచ్చేది. ఆ వస్తువునే ఫేవర్ అనేవారు. పెళ్ళికి వచ్చినవారికి ఇచ్చే చిన్న కానుకలను ఇంగ్లీషువారు నేటికీ ఆ పేరుతోనే పిలవడం దాని తరువాయి. డిమాండ్ డ్రాఫ్టు ‘ఇన్ ఫేవర్ ఆఫ్’ ఫలానా కార్యదర్శి అని నోటిఫికేషన్లలో కనిపించేది మరీ పొడిమాట. అక్కడ దయా లేదు, పక్షపాతమూ లేదు. ‘పేరిట’ అని అర్థం, అంతే.

దయ వేరొకరు ఇవ్వాలి. అడ్వాంటేజ్ అలా కాదు, అది నిలబడ్డ చోటును బట్టి వస్తుంది. ఫ్రెంచిలో ‘అవాన్’ అంటే ముందు. దాని నుంచి పుట్టిన ‘అవాంతాజ్’ ముందు ఉండడాన్ని చెబుతుంది. నడుమ ఉన్న డకారం, అది లాటిన్ ఉపసర్గేమో అనుకున్న 16వ శతాబ్దపు పండితులు తగిలించినది. టెన్నిస్ చూసేవారికి ఈ మాట అసలు స్వభావం బాగా తెలుసు. చెరి నలభై అయ్యాక ఒక పాయింటు గెలిచినవారికి అడ్వాంటేజ్. తరువాతి పాయింటు పోతే మళ్ళీ మొదటికే. అది గెలుపు కాదు, గెలుపునకు ఒక్క అడుగు దూరంలో నిలబడడం. ‘అడ్వాంటేజ్ ఫలానా పార్టీ’ అని ఎన్నికల వేళ శీర్షిక పెట్టే పత్రికలు ఈ అస్థిరతను మరచిపోతుంటాయి.

నిలబడ్డ చోటుకు విలువ కట్టిన మాటల్లో అన్నిటికంటే లోతైనది నావికులది. తెరచాప ఓడల యుద్ధాల్లో గాలి వచ్చే దిక్కున ఉన్నవారికి ‘వెదర్ గేజ్’ ఉందనేవారు. గాలికి ఎదురుగా ఓడను నేరుగా నడపడం సాధ్యం కాదు, వాలుగా అటూ ఇటూ తిప్పుకుంటూ పోవాలి. గాలివైపున ఉన్న ఓడ మాత్రం తోచినప్పుడు శత్రువు మీదికి దిగవచ్చు, లేదా దూరంగానే నిలిచి ఊరించవచ్చు. పోరాటం ఎప్పుడు మొదలవ్వాలో దాని ఇష్టం. 1588లో స్పెయిన్ యుద్ధనౌకల దండు ఆర్మడా ఇంగ్లీషు చానల్‌లోకి వచ్చినప్పుడు ప్లిమత్ రేవు నుంచి బయటపడిన ఇంగ్లీషు ఓడలు రాత్రికి రాత్రే శత్రువును చుట్టి గాలివైపునకు చేరుకున్నాయి. తెల్లవారేసరికి స్పెయిన్ నావికులు చూసిన దృశ్యం వాళ్ళకు ఏమాత్రం రుచించనిది. అయితే ఈ స్థానానికీ ఖర్చు ఉంది. గాలి జోరెక్కితే ఓడ శత్రువు వైపే ఒరుగుతుంది. అటు పక్క కింది అంతస్తు ఫిరంగుల కిటికీలు నీళ్ళకు దగ్గరవుతాయి, అలలు ఎక్కువైతే వాటిని మూసేయక తప్పదు. పైగా తెరచాపలు దెబ్బతిన్న ఓడ గాలికి కొట్టుకుపోయి శత్రువు ఒడిలోనే పడుతుంది. ఫ్రెంచి నౌకాదళం చాలాసార్లు కావాలనే గాలి వాలున ఉండేది, తప్పుకుపోవడం తేలికని.

మన రైతు ‘గాలి ఉండగానే తూర్పార పట్టుకోవాలి’ అంటాడు. గాలి అనుకూలతకు గుర్తుగా రెండు చోట్లా ఉంది గానీ, మన సామెతలో శత్రువు లేడు. పని జరగాలన్న తొందరే ఉంది. ‘దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి’ అనడమూ అంతే. ఎండ కాస్తుండగానే గడ్డి ఆరబెట్టుకోమనే ఇంగ్లీషు సామెత వీటికి వరసలో పడుతుంది. వెదర్ గేజ్‌లో మాత్రం ఒకడికి గాలి అనుకూలించిందంటే మరొకడికి ప్రతికూలించిందనే లెక్క.

పైచేయి విషయంలో రెండు భాషలూ ఒకే చిత్రాన్ని గీసుకున్నాయి. బేస్‌బాల్ కర్రను పిల్లలు ఒకరి చేతిమీద ఒకరు పట్టుకుంటూ పోయే ఆట నుంచి ‘అప్పర్ హ్యాండ్’ పుట్టిందని చెప్పే కథ నిలవదు, ఎందుకంటే ఈ మాట బేస్‌బాల్ కంటే శతాబ్దాలు పాతది. దీని బంధువు ‘విప్ హ్యాండ్’ మాత్రం కొరడా పట్టిన చేయి. పైచేయి చర్చలో ఎవరికైనా రావచ్చు. కొరడా చేయి ఉన్నవాడు ఎదుటివాణ్ణి గుర్రంలా తోలుతున్నాడని అర్థం. ఇద్దరు సమానుల నడుమ ఒప్పందం గురించి రాసేటప్పుడు ఈ రెండో మాట వాడితే అవమానమే.

పేకాట మాటల్లో కథ అడ్డం తిరుగుతుంది. ‘ఏస్ ఇన్ ద హోల్’ అంటే స్టడ్ పోకరు అనే పేకాటలో నియమం ప్రకారమే బోర్లా పెట్టి ఉంచే ముక్క ఆసు కావడం. ‘ఏస్ అప్ ద స్లీవ్’ అంటే చొక్కా చేతిలో దాచిన ముక్క, అంటే పచ్చి మోసం. పుట్టుకను బట్టి చూస్తే మొదటిది గౌరవం, రెండోది దొంగతనం కావాలి. కానీ నేటి ఇంగ్లీషులో రెండో మాటను కూడా జట్టు శిక్షకులు గర్వంగా వాడుతున్నారు. ‘మా దగ్గర ఇంకా ఒక తురుపు ముక్క ఉంది’ అన్నంత మామూలుగా. పుట్టినచోటు వాసన అన్ని మాటలకూ పట్టి ఉండదు. సైన్యం రహస్యంగా నడక సాగించడం నుంచి వచ్చిన ‘స్టీల్ ఎ మార్చ్’లో (ఎదుటివాడికి తెలియకుండా ముందంజ వేయడం) దొంగిలించడం అనే క్రియే ఉన్నా, దాన్ని ఎవరూ నేరంగా వినరు.

‘టేక్ అడ్వాంటేజ్ ఆఫ్’ దగ్గర మాత్రం తెలుగువారు జాగ్రత్తపడాలి. దాని తరువాత వచ్చే నామవాచకమే రుచిని నిర్ణయిస్తుంది. రాయితీని, సెలవును, మంచి వాతావరణాన్ని ‘టేక్ అడ్వాంటేజ్’ చేసుకుంటే సద్వినియోగం. మనిషిని గానీ, మనిషి మంచితనాన్ని గానీ చేసుకుంటే అలుసుగా తీసుకుని వాడుకోవడం. ‘మా మేనేజరు ఉదారతను ఉపయోగించుకుని సెలవు తీసుకున్నాను’ అన్న అమాయక వాక్యం ఇంగ్లీషులో ఈ జాతీయంతో రాస్తే నేరాంగీకారంలా వినిపిస్తుంది. ‘డూ మి ఎ ఫేవర్’ కూడా బ్రిటన్‌లో గొంతును బట్టి ‘సాయం చెయ్యి’ కావచ్చు, ‘చెవిలో పువ్వు పెట్టకు’ కావచ్చు.

పరుగు పందెం నుంచి ‘ఇన్‌సైడ్ ట్రాక్’ వచ్చింది. 400 మీటర్ల ట్రాకు మీద అందరూ ఒకే గీత నుంచి బయలుదేరితే, రెండో లేన్‌లో చుట్టు తిరిగినవారు మొదటి లేన్‌వారి కంటే సుమారు 7 మీటర్లు ఎక్కువ పరుగెత్తాలి. అందుకే మెట్లుమెట్లుగా నిలబెట్టి వదులుతారు. జాతీయంలో మెట్లు లేవు, లోపలి వాడికి లాభమే. ఉద్యోగ నియామకాల్లో ‘లోపలివారి అండ’ అనే అర్థం దీనికి అందుకే అతికింది. దీనికి విరుగుడుగా 1970ల నుంచి వ్యాపార, బ్యాంకింగ్ చర్చల్లో వాడుకకెక్కినది ‘లెవల్ ప్లేయింగ్ ఫీల్డ్’. ఇప్పుడు ఎన్నికల సంఘం నోటా తరచు వినిపిస్తుంది. క్రికెట్‌కు పుట్టినిల్లు అనిపించుకున్న లార్డ్స్ మైదానమే సమతలం కాకపోవడం ఇక్కడి తమాషా. వాయవ్యం నుంచి ఆగ్నేయానికి 2.5 మీటర్ల వాలు ఉంది. పెవిలియన్ వైపు నుంచి వేసిన బంతి ఆ వాలు మీద కుడిచేతి బ్యాట్స్‌మన్ లోపలికి దూసుకొస్తుంది. 1997లో ఆస్ట్రేలియా బౌలర్ గ్లెన్ మెక్‌గ్రాత్ అక్కడ 38 పరుగులిచ్చి 8 వికెట్లు తీశారు. అయినా ఆ మైదానాన్ని చదును చేయాలని ఎవరూ గట్టిగా పట్టుబట్టలేదు. వాలు ఇరు జట్లకూ ఒకటే, దాన్ని బాగా చదివినవాడిది లాభం.

పేరు ఒకటి, పని మరొకటి అయిన మాటలు రెండున్నాయి. దినచర్య రాతలతో పేరొందిన ఇంగ్లండు ఉద్యోగి శామ్యూల్ పీప్స్ 1660 సెప్టెంబరులో తన దినచర్యలో, అంతకుముందు ఎరుగని ‘హ్యాండీక్యాప్’ అనే ఆట ఆడానని రాసుకున్నారు. ఇద్దరు తమ వస్తువులను మార్చుకోవాలనుకుంటే మధ్యవర్తి తేడా సొమ్ము నిర్ణయిస్తాడు. టోపీలో చేయి పెట్టి తీసే తీరును బట్టి ఒప్పుకున్నారో లేదో తెలుస్తుంది. టోపీలో చేయి కాబట్టి ఆ పేరు. గుర్రప్పందాల్లోకి వెళ్ళాక మధ్యవర్తి మేలైన గుర్రం మీద అదనపు బరువు మోపసాగాడు. అంటే హ్యాండీక్యాప్ బలవంతుడికి వేసేది. 20వ శతాబ్దంలో అదే మాట వైకల్యానికి పేరైంది, ఆ తరువాత అవమానకరమని వదిలేశారు. గోల్ఫ్‌లో మాత్రం పాత పని చేసుకుంటూ ఉంది.

రెండోది ‘మోస్ట్ ఫేవర్డ్ నేషన్’. వింటే ముద్దుల దేశం అనిపిస్తుంది. సుంకాలు, వాణిజ్యంపై దేశాలు కుదుర్చుకున్న 1947 నాటి గాట్ ఒప్పందంలో మొదటి అధికరణమే ఇది. ఒక సభ్యదేశానికి ఇచ్చిన సుంకం రాయితీ మిగతా సభ్యులందరికీ ఇవ్వాలి. అందరూ అత్యంత ప్రీతిపాత్రులే, కాబట్టి ఎవరికీ ప్రత్యేక ప్రీతి లేదు. అమెరికా 1998లో తన చట్టాల్లో దీన్ని మామూలు వాణిజ్య సంబంధాలు అని మార్చుకుంది. భారత్ 1996లో పాకిస్తాన్‌కు ఈ హోదా ఇచ్చింది, పుల్వామా దాడి తరువాత 2019 ఫిబ్రవరిలో తీసేసి దిగుమతులపై 200 శాతం సుంకం వేసింది. ‘శత్రువుకు అత్యంత అనుకూల దేశం హోదానా’ అని అంతకుముందు టీవీ చర్చల్లో రేగిన కోపంలో సగం ఆ పేరు తెచ్చిపెట్టినదే.

ఇక ‘బెనిఫిట్’. మధ్యయుగపు ఇంగ్లండులో మతాధికారులను మామూలు కోర్టులు శిక్షించకూడదు. దీన్ని ‘బెనిఫిట్ ఆఫ్ క్లర్జీ’ అన్నారు. చదవడం వచ్చినవాడే మతాధికారి అనే లెక్కతో, నిందితుడి చేతికి బైబిలు ఇచ్చి సాధారణంగా 51వ కీర్తన మొదటి వాక్యం చదివించేవారు. ప్రాణం నిలిపేది గనుక దానికి ‘మెడ వాక్యం’ అని పేరు పడింది. అక్షరం రాని దొంగలు కూడా దాన్ని కంఠస్థం చేసుకునేవారు. ఒకే మనిషి పదే పదే తప్పించుకోకుండా, మతాధికారులు కానివారి బొటనవేలి మీద వాత పెట్టాలని 1489లో చట్టం చేశారు. నాటకకర్త బెన్ జాన్సన్ 1598లో ద్వంద్వయుద్ధంలో గేబ్రియల్ స్పెన్సర్ అనే నటుణ్ణి చంపి, ఈ వాక్యం చదివే ఉరి తప్పించుకున్నారు. ఆస్తి పోయింది, బొటనవేలికి వాత పడింది. ఈ వెసులుబాటు ఇంగ్లండులో 1827 దాకా సాగింది.

తెలుగునాట బాగా తెలిసిన బెనిఫిట్ వేరు. ఇంగ్లండు నాటకశాలల్లో ఒక రాత్రి వసూలును ఒక నటుడికో రచయితకో ఇచ్చేసే ప్రదర్శనను బెనిఫిట్ అనేవారు. కౌంటీ క్రికెట్‌లో చాలాకాలం ఆడిన ఆటగాడి కోసం నేటికీ అలాంటివి జరుగుతాయి. మన బెనిఫిట్ షో విడుదలకు ముందో, విడుదల రోజు తెల్లవారుజామునో ఎక్కువ ధరకు వేసే ఆట. బెనిఫిట్ ఎవరికన్నది టికెట్ దొరికిన ఆనందంలో ఎవరూ అడగరు. 2024 డిసెంబరులో హైదరాబాదులో ఒక ప్రీమియర్ వద్ద తొక్కిసలాటలో ఒక మహిళ మరణించాక, ఇకపై వీటికి అనుమతులు ఇవ్వబోమని తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది.

‘బెనిఫిట్ ఆఫ్ డౌట్’ను క్రికెట్ అభిమానులు అంపైర్ల నుంచి నేర్చుకున్నారు. సందేహముంటే బ్యాట్స్‌మన్ అవుట్ కాడు, స్కోరుబోర్డు మీద ఆ సందేహం ఆనవాలు కూడా ఉండదు. కోర్టులో అలా కాదు. నేరం అనుమానానికి తావు లేకుండా రుజువు కాలేదు గనుక వదిలేస్తున్నామని తీర్పులో రాస్తే, నిందితుడు జైలు నుంచి బయటపడతాడు. కానీ ఆరోపణ పూర్తిగా తప్పని తేలి గౌరవంగా విడుదల కావడం వేరే సంగతి. ఢిల్లీ పోలీసు నియామకాలకు సంబంధించి 2013లో వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఈ తేడానే పట్టుకుంది. అనుమాన ప్రయోజనం కింద విడుదలైనంత మాత్రాన పోలీసు ఉద్యోగం పొందే హక్కు దానంతట అది రాదని, అభ్యర్థి తగినవాడో కాడో పరిశీలన సంఘం చూడవచ్చని చెప్పింది. కానిస్టేబుల్ పరీక్షకు చదువుతూ గైడులో ‘బెనిఫిట్ ఆఫ్ డౌట్: సంశయ లాభం’ అని బట్టీ పడుతున్న అభ్యర్థి మీద పాత కేసు ఏదైనా ఉంటే, తన తీర్పు కాపీలో ఈ రెండింటిలో ఏ మాట ఉందో చూసుకోవడం అవసరం.